దారిలో వదిలిన బొమ్మ ఎవరిది?

నేను మొదటిసారి వదిలింది అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద చెక్కముక్క మీద వేసిన పిట్ట బొమ్మ. దాన్ని ఒక బెంచీ మీద పెట్టి, కొంచెం దూరంలో ఫోన్ చూసుకుంటున్నట్టు నిలబడ్డాను. ఇరవై నిమిషాల్లో ఏడెనిమిది మంది ఆ బెంచీ దాటి వెళ్ళారు. ఒకాయన బొమ్మను పక్కకు జరిపి కూర్చుని, లేచి వెళ్ళిపోయాడు. తర్వాత ఒకావిడ వచ్చి దాన్ని చేతిలోకి తీసుకుంది, వెనక్కి తిప్పి చూసింది, ఎవరిదో అన్నట్టు అటూ ఇటూ వెతికింది, వేలితో దుమ్ము తుడిచి, కింద పడకుండా బెంచీ మధ్యకు జరిపి పెట్టి తన దారిన వెళ్ళిపోయింది. ఆ రోజు నాకు నిజంగానే బాధేసింది, బొమ్మ నచ్చలేదనుకున్నాను. అసలు సంగతి అర్థం కావడానికి చాలా నెలలు పట్టింది. ఆవిడ ఎవరో మర్చిపోయిన వస్తువును జాగ్రత్త చేసింది. తీసుకోవచ్చని నేను ఎక్కడా రాయలేదు మరి.

ఆర్ట్ డ్రాప్ అంటారు, ఫ్రీ ఆర్ట్ అంటారు, ఏ పేరైనా పని ఒకటే. చిన్న బొమ్మో, రంగు వేసిన రాయో, దారంతో అల్లిన పువ్వో, కార్డో చేసి, ముక్కూముఖం తెలియని మనిషికి దొరికేలా వదిలి రావడం. వింటే ఇంత తేలికైన హాబీ ఇంకోటి ఉండదనిపిస్తుంది. కానీ నాలుగైదు వదిలేసరికి ప్రశ్నలు మొదలవుతాయి. వదిలేశాక అది ఎవరిది? అది కానుకా, చెత్తా? ఎవరూ తీసుకోకపోతే ఏమనుకోవాలి? తీసుకున్నవాళ్ళు అమ్ముకుంటే? నేను కొన్నేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను, ఈ ప్రశ్నలన్నిటి దగ్గరా ఒకసారి తడబడ్డాను, కాబట్టి తెలిసినంత వరకు ఒక్కో ముడీ విప్పే ప్రయత్నం చేస్తాను.

మూడు పనులు, ఒకే పేరు

సగం గందరగోళం ఇక్కడే ఉంది. చిన్న బొమ్మలు చేసి పంచడం అనేది ఒక పని కాదు, మూడు వేర్వేరు పనులు. వాటి నియమాలు వేరు, వాటి నుంచి మనం ఆశించేది వేరు.

మొదటిది మార్పిడి. అమెరికన్ కళాకారుడు రే జాన్సన్ చిన్న కొలాజ్‌లు, అంటే కాగితం ముక్కలు అతికించి కూర్చిన బొమ్మలు, చేసి పోస్టులో పంపేవాడు, దీనికి ఏదైనా జోడించి తిరిగి పంపమనో, ఇంకొకరికి చేర్చమనో రాసేవాడు. మెయిల్ ఆర్ట్ అనే పద్ధతికి ఆద్యుడిగా ఆయన్నే చెప్పుకుంటారు. తర్వాత 1997లో జ్యూరిక్‌లో వాన్చి స్టిర్నెమాన్ 1,200 కార్డులు చేతితో చేసి ప్రదర్శనకు పెట్టాడు. మీరూ ఒక కార్డు చేసుకొస్తే నాదొకటి తీసుకెళ్ళవచ్చన్నాడు. ఆర్టిస్ట్ ట్రేడింగ్ కార్డులు, అంటే అందరూ ఏటీసీలు అనేవి, అలా మొదలయ్యాయి. కొలత మారదు, 64 × 89 మిల్లీమీటర్లు, దాదాపు పేకముక్క అంత. అమ్మకూడదు, మార్చుకోవాలి. ఇందులో ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఎదురెదురుగా ఉంటారు, ఇద్దరూ ఏదో ఒకటి చేసినవాళ్ళే.

రెండోది వేట. పౌరులు వాడే జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని పెట్టిన లోపాన్ని అమెరికా ప్రభుత్వం 2000 మే 2న తీసేసింది, దాంతో ఏ చోటునైనా అందరూ కచ్చితంగా కనుక్కోగలిగారు. ఆ మర్నాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగాన్ అడవిలో ఒక బకెట్ దాచి, అది ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా ప్రకటించాడు. ఏదైనా తీసుకోండి, ఏదైనా పెట్టండి అన్నదే నియమం. జియోకాషింగ్ అక్కడ పుట్టింది. అదే ఒరెగాన్‌లో లింకన్ సిటీ అనే ఊళ్ళో చేత్తో ఊది చేసిన గాజు బంతుల్ని సముద్రపు ఒడ్డున దాస్తారు, దొరికినవాళ్ళవే అవి. వేటలో ముఖ్యమైన సంగతి ఏమిటంటే, వెతికేవాళ్ళకు అది ఆట అని ముందే తెలుసు. వాళ్ళు దానికోసమే వచ్చారు.

మూడోది అసలు వదిలేయడం. దొరికే మనిషికి ఏమీ తెలియదు, వెతకడం లేదు, బహుశా ఆ రోజు వాళ్ళ మనసు ఇంకెక్కడో ఉంది. బ్రిటన్‌లో మై డాగ్ సైస్ అనే పేరుతో పనిచేసే వీధి కళాకారుడు వాడి పారేసిన డబ్బాల మీద ముఖాలు గీసి శుక్రవారాల్లో వీధుల్లో వదిలేవాడు. ఫ్రీ ఆర్ట్ ఫ్రైడే అని ఇవాళ చాలా నగరాల్లో కనిపించే అలవాటు అలా వ్యాపించింది. 2015లో మేగన్ మర్ఫీ అమెరికాలోని కేప్ కాడ్ తీరంలో రాళ్ళ మీద నాలుగు ధైర్యం మాటలు రాసి వదలడం మొదలుపెట్టింది, ద కైండ్‌నెస్ రాక్స్ ప్రాజెక్ట్ అన్న పేరుతో అది దేశదేశాలకు పాకింది.

ఈ మూడింటినీ కలిపేసుకుంటే నిరాశ తప్పదు. మార్పిడిలో తిరిగి ఏదో వస్తుంది. వేటలో ఎవరో తప్పకుండా వచ్చి వెతుకుతారు. వదిలేయడంలో ఈ రెండూ లేవు. వదిలేస్తూ మనసులో మాత్రం మార్పిడి లెక్కలు వేసుకునేవాళ్ళే పది బొమ్మల తర్వాత మానేస్తారు. నేనూ ఒకసారి మానేసి, ఏడాది తర్వాత మళ్ళీ మొదలుపెట్టాను.

రెండు తప్పు లెక్కలు

ఈ వ్యాసంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే.

2012లో మైకేల్ నార్టన్, మరో ఇద్దరు పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. కొన్నవాళ్ళే ఇంట్లో బిగించుకునే ఫర్నిచర్ అమ్మే కంపెనీ పేరు మీద ఐకియా ఎఫెక్ట్ అని దానికి పేరు. అందులో ఒక ప్రయోగం మన పనికి సరిగ్గా సరిపోతుంది. మామూలు మనుషుల చేత కాగితం కొంగలు, కప్పలు మడిపించారు, అదే, ఒరిగామి. చేతకాని చేతులతో మడిచినవి, వంకరటింకరగా వచ్చినవి. అయినా మడిచినవాళ్ళు వాటికి నిపుణులు చేసిన వాటికి దగ్గర్లో విలువ కట్టారు. బయటివాళ్ళకు మాత్రం అవి అంత విలువైనవిగా కనిపించలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు అని మనకు ఎప్పటినుంచో తెలిసిన మాటే, కానీ ఆ అధ్యయనంలో ఇంకో విషయం ఉంది, నన్ను పట్టుకున్నది అది. మడిచినవాళ్ళు, మిగతావాళ్ళకు కూడా తమలాగే అనిపిస్తుందని ఊహించారు.

ఇప్పుడు రెండో అధ్యయనం. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు, ఏ కారణమూ లేకుండా ఎవరికైనా చిన్న మేలు చేస్తే ఏమవుతుందో పరీక్షించారు. షికాగోలో చలికాలం మంచు మీద స్కేటింగ్ చేసే చోట, మనుషులకు ఒక కప్పు వేడి చాక్లెట్ ఇచ్చి, మీరు తాగొచ్చు, లేదా ఇక్కడున్న ఏ అపరిచితుడికైనా ఇప్పించొచ్చు అన్నారు. ఇచ్చినవాళ్ళను, తీసుకున్నవాళ్ళకు ఎంత సంతోషం కలిగి ఉంటుందో అంచనా వేయమన్నారు. అంచనా తక్కువగా వచ్చింది. తీసుకున్నవాళ్ళ సంతోషం దానికంటే ఎక్కువగా ఉంది. కారణం ఏమిటంటే, ఇచ్చేవాళ్ళు వస్తువు గురించి ఆలోచిస్తారు, ఒక కప్పు పానీయమే కదా అనుకుంటారు. తీసుకునేవాళ్ళకు వస్తువుతో పాటు, ఎవరో తన గురించి తలచుకున్నారన్న ఆప్యాయత కూడా అందుతుంది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మనం చేసిన వస్తువుకు మనం ఎక్కువ విలువ కడుతున్నాం, మనం చేసిన పనికి, అంటే ఇవ్వడానికి, తక్కువ విలువ కడుతున్నాం. ఒకే మనిషి ఒకే సమయంలో రెండు తప్పులూ, రెండు వైపులా చేస్తాడు. అందుకే మనలో చాలామంది బొమ్మ మీద మూడు వారాలు కూర్చుంటాం, రెక్క దగ్గర నీడ సరిగ్గా రాలేదని మళ్ళీ మళ్ళీ దిద్దుతాం, తీరా వదిలే రోజు అర నిమిషంలో ఎక్కడో ఒకచోట పెట్టేసి పరిగెత్తుకొస్తాం. చీటీ ఉండదు, కవరు ఉండదు, చోటు గురించి ఆలోచన ఉండదు. దొరికినవాళ్ళకు మాత్రం ఆ అర నిమిషమే కనిపిస్తుంది. రెక్క నీడను వాళ్ళు పట్టించుకోరు, ఇది నాకోసమేనా కాదా అన్నదే వాళ్ళ మొదటి ప్రశ్న.

నా మాట వింటే, బొమ్మ మీద పెట్టే సమయంలో కొంత తగ్గించి వదలడం మీద పెట్టండి. వదలడం కూడా చేతిపనే, దానికీ సాధన కావాలి. ఇక్కడ నుంచి రాసేదంతా దాని గురించే.

తీసుకోండి అని చెప్పాలి

చట్టాలు దేశాన్ని బట్టి మారతాయి కానీ చాలాచోట్ల ఒక తేడా మాత్రం ఉంటుంది: పోగొట్టుకున్న వస్తువు వేరు, వదులుకున్న వస్తువు వేరు. పోగొట్టుకున్నదాని మీద సొంతదారు హక్కు పోదు, దొరికినవాళ్ళు దాన్ని తిరిగి చేర్చాలి. వదులుకున్నదాని మీద పాత సొంతదారు హక్కు ఉండదు. తేడా అంతా ఉద్దేశంలో ఉంది, ఉద్దేశమేమో కంటికి కనబడదు. బెంచీ మీద ఉన్న చెక్కముక్కను చూసి అది మర్చిపోయినదో వదిలినదో ఎవరూ చెప్పలేరు. నిజాయితీ ఉన్న మనిషైతే ముట్టుకోకుండా వెళ్ళిపోతారు, నా పిట్టను తుడిచి పెట్టినావిడ లాగా. అంటే చీటీ లేని బొమ్మ మంచివాళ్ళకే దొరకకుండా పోతుంది!

చీటీ పెద్దగా ఉండక్కర్లేదు. "ఇది ఎవరూ మర్చిపోయింది కాదు. నచ్చితే మీదే, తీసుకెళ్ళండి. నచ్చకపోతే ఇంకొకరి కోసం ఇక్కడే ఉంచండి." నేను రాసేది ఇంతే. ఈ మూడో వాక్యం నేను ఆలస్యంగా చేర్చాను, ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే, ఎందుకంటే వద్దనుకునే వీలు లేనప్పుడు అది కానుకలా ఉండదు, అంటగట్టినట్టు ఉంటుంది. చీటీ ఎప్పుడూ బొమ్మ ముఖం వైపు కనబడాలి, కనీసం "తీసుకోండి" అన్న ఒక్క మాటైనా. వెనక రాస్తే, చేతిలోకి తీసుకునే ధైర్యం ఉన్నవాళ్ళే చదువుతారు.

చాలామంది తికమకపడే ఇంకో విషయం కాపీరైట్. వస్తువు ఇచ్చేస్తే బొమ్మ మీద హక్కులన్నీ ఇచ్చేసినట్టేనా? కాదు. కాపీరైట్ మీద దేశాలు కుదుర్చుకున్న 1886 నాటి బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాలన్నిటిలో కాపీరైట్ దానంతట అదే వస్తుంది, రిజిస్టర్ చేయించక్కర్లేదు, బొమ్మ కింద గుర్తు వేయక్కర్లేదు. వస్తువు చేతులు మారినంత మాత్రాన కాపీరైట్ మారదు. దొరికిన మనిషి ఆ చెక్కముక్కను గోడకు తగిలించుకోవచ్చు, ఇంకొకరికి ఇచ్చేయొచ్చు, సాధారణంగా అమ్ముకోనూ వచ్చు. ఆ బొమ్మను టీషర్టుల మీద అచ్చేసి అమ్మాలంటే మాత్రం వేసినవాళ్ళ అనుమతి కావాలి. పేరు లేకుండా వదిలినా ఈ రక్షణ ఉంటుంది, కాకపోతే కాలం లెక్క వేరు. ఆ ఒప్పందం ప్రకారం మామూలు కృతులకు కనీసం రచయిత జీవితకాలం, ఆపైన 50 ఏళ్ళు. పేరు తెలియనివాటికి, జనానికి అందుబాటులోకి వచ్చిన దగ్గర్నుంచి 50 ఏళ్ళు.

అమ్ముకోవడం అనగానే కొందరికి కోపం వస్తుంది. ఊరికే ఇచ్చినదాన్ని అమ్ముతారా అని. కీత్ హేరింగ్ 1980 నుంచి 1985 దాకా న్యూయార్క్ సబ్‌వే స్టేషన్లలో, ప్రకటనల చోటు ఖాళీగా ఉన్నప్పుడు అంటించే నల్ల కాగితాల మీద సుద్దముక్కతో బొమ్మలు గీశాడు. అవి దారిన పోయేవాళ్ళు చూడటానికి. ఆయనకు పేరొచ్చేసరికి జనం ఆ కాగితాలను గోడల మీద నుంచి పీకి తీసుకెళ్ళి అమ్మడం మొదలుపెట్టారు, ఆయన ఆ పని ఆపేయడానికి అదొక కారణం. నాకు ఇందులో కనబడే తేడా ఒకటుంది. ఆయన అక్కడికి వచ్చే అందరి కోసం గీసినదాన్ని ఒకరు సొంతం చేసుకున్నారు. మనం వదిలేది మొదటి నుంచీ ఒకరు సొంతం చేసుకోవడానికే. ఇచ్చేశాక దాన్ని ఏం చేస్తారన్నది వాళ్ళ ఇష్టం. అపాత్రదానం అని బాధపడాలంటే ముందు పాత్రుడెవరో ఎంచుకుని ఉండాలి, మనం ఎవరినీ ఎంచుకోలేదు కదా. ఇది మింగుడుపడనివాళ్ళు మార్పిడి వైపు వెళ్ళడం మంచిది. ఏటీసీ కార్డులు వాళ్ళకు హాయిగా ఉంటాయి, తప్పేమీ లేదు.

చెత్త కాకుండా ఉండాలంటే

ఎవరూ తీసుకోని కానుక కొన్ని వారాలకు చెత్తే. మన ఉద్దేశం ఎంత మంచిదైనా సరే. ఈ మాట కఠినంగా ఉంటుంది కానీ దీన్ని ఒప్పుకున్నాకే నా పని బాగుపడింది. ఒకసారి నేను వదిలిన కాగితం గూడు వానకు నాని, ముద్దై, రంగు కారి, రాతి గట్టు మీద మరకగా మారిపోయింది. శుభ్రం చేసే మనిషి దాన్ని గీకుతుంటే చూశాను. వెళ్ళి నేనే చేశానని చెప్పి, గీకడానికి సాయం చేశాను. ఆయనేమీ అనలేదు. కానీ అప్పటి నుంచి ఆయన పని పెంచే వస్తువేదీ వదలకూడదని నాకు నేను నియమం పెట్టుకున్నాను.

ముందు సరుకు సంగతి. వాటర్ కలర్‌లో రంగును పట్టి ఉంచేది తుమ్మ జిగురు జాతిది, అది ఆరినా మళ్ళీ నీళ్ళు తగలగానే కరుగుతుంది. కాబట్టి బయట వదిలే వాటర్ కలర్ కార్డుకు కవరు తప్పనిసరి. అక్రిలిక్ ఆరితే నీటికి కరగదు, ఎందుకంటే అందులో ఉన్నది ప్లాస్టిక్ జాతి పదార్థం. అదే దాని బలం, అదే దాని ఇబ్బంది కూడా. సరిగ్గా కడగని నున్నటి రాయి మీద వేస్తే ఎండకూ వానకూ పొలుసులుగా లేచి, ఆ పొలుసులు మట్టిలోకో నీళ్ళలోకో పోతాయి. రాయిని కడిగి, బాగా ఆరబెట్టి, పలుచగా రెండు మూడు పూతలు వేసి, పైన వార్నిష్ పట్టిస్తే చాలాకాలం నిలుస్తుంది. కాల్చనక్కర్లేని మట్టితో, అదే ఎయిర్ డ్రై క్లేతో, చేసిన బొమ్మలు చూడ్డానికి గట్టిగానే ఉంటాయి కానీ ఒక్క వాన చాలు మెత్తబడటానికి. చవక స్కెచ్ పెన్నుల రంగులు ఎండలో వేగంగా వెలిసిపోతాయి. కార్బన్ నలుపు, గైరికం లాంటి మట్టి రంగులు మాత్రం వెలవవు. మెరుపుల పొడి వాడొద్దని గట్టిగా చెప్తాను. అది చాలావరకు సన్నటి ప్లాస్టిక్. యూరోపియన్ యూనియన్ 2023 అక్టోబరులో తెచ్చిన మైక్రోప్లాస్టిక్ ఆంక్షల్లో విడి ప్లాస్టిక్ గ్లిటర్ కూడా ఉంది.

చిన్నపిల్లల విషయంలో మాత్రం ఏ రాజీ ఉండకూడదు. మనం వదిలేది ఎవరికి దొరుకుతుందో తెలియదంటే, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకూ దొరకొచ్చని అర్థం. అమెరికా బొమ్మల భద్రతా నిబంధనల్లో మూడేళ్ళలోపు పిల్లలకు ప్రమాదకరమైన చిన్న ముక్కలను కొలవడానికి ఒక గొట్టం వాడతారు, దాని వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. వస్తువు మొత్తంగా ఆ గొట్టంలో పట్టేస్తే అది గొంతుకు అడ్డం పడేంత చిన్నదని లెక్క. నేను ఈ కొలతను గుర్తుపెట్టుకుని, దానికంటే పెద్దవే, విడి ముక్కలు ఊడిరానివే చేస్తాను. అయస్కాంతాలు, బటన్ బ్యాటరీలు అసలే వద్దు. రెండు చిన్న అయస్కాంతాలు కడుపులోకి వెళ్తే పేగుల గోడల మీదుగా ఒకదాన్నొకటి లాక్కుని పేగునే చిల్లు పొడవగలవు. ఫ్రిజ్‌కు అతుక్కునే బొమ్మలు ముచ్చటగానే ఉంటాయి, తెలిసినవాళ్ళకు చేతికి ఇవ్వండి.

ఇక చోటు. పెట్టడం వేరు, అతికించడం వేరు. పెట్టినది ఎత్తుకుపోవచ్చు, అతికించింది ఆ గోడ సొంతదారుతో గొడవ. లండన్‌లో బెన్ విల్సన్ అనే కళాకారుడు కాలిబాటకు అతుక్కుపోయిన చూయింగ్ గమ్ మీద చిట్టి చిట్టి బొమ్మలు వేస్తాడు. తాను వేసేది గమ్ మీదే కానీ కాలిబాట మీద కాదన్నది ఆయన వాదన. అందమైన వాదనే, అయినా పోలీసులతో ఆయనకు చిక్కులు తప్పలేదు. మనకు అంత తెలివి కూడా అక్కర్లేదు, జిగురు వాడకపోతే సరిపోతుంది. అమెరికా జాతీయ పార్కుల్లోనైతే రంగు రాళ్ళు కూడా వదలొద్దంటారు, ప్రకృతిని చూద్దామని వచ్చినవాళ్ళకు అది అడ్డమే కాబట్టి. నాకూ అదే సబబనిపిస్తుంది. అడవి, ఏరు, కొండ మన కానుక కోసం ఎదురుచూడటం లేదు. మనుషులు కూర్చునే, ఆగే, విసుగ్గా ఎదురుచూసే చోట్లు మనవి.

అనుమానం రేపే చోట్లు కూడా వద్దు. 2007 జనవరి 31న బోస్టన్ నగరంలో ఒక కార్టూన్ ప్రచారం కోసం అక్కడక్కడా తగిలించిన లైట్ల బోర్డులను చూసి బాంబులనుకున్నారు, రోడ్లు, వంతెనలు మూసేశారు. జియోకాషింగ్ డబ్బాల విషయంలోనూ బాంబు స్క్వాడ్ దిగిన సందర్భాలున్నాయి. స్టేషన్లు, విమానాశ్రయాలు, ప్రభుత్వ కార్యాలయాల గుమ్మాల జోలికి వెళ్ళకండి. ఎక్కడైనా సరే, లోపల ఏముందో కనిపించే పారదర్శక కవరే వాడండి. మూసిన పెట్టె, వైర్లు, చుట్టిన పొట్లం వద్దు. లైబ్రరీలో పుస్తకాల మధ్య కార్డు పెట్టాలనిపిస్తే అక్కడివాళ్ళను ఒక మాట అడగండి. నేను అడిగినప్పుడు వాళ్ళే కౌంటర్ మీద ఒక చిన్న పళ్ళెం పెట్టారు, నెలకు నాలుగైదు కార్డులు అందులో పెట్టి వస్తుంటాను.

ఏ కబురూ రాకపోతే

మార్సెల్ మాస్ అనే ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త 1925లో కానుకల మీద ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. కానుక ఎప్పుడూ ఉత్తది కాదంటాడు. ఇవ్వాలి, పుచ్చుకోవాలి, తిరిగి ఇవ్వాలి అని దానిలో మూడు బాధ్యతలు కలిసి ఉంటాయట. పేరు లేకుండా వదిలినప్పుడు ఆ మూడోది తెగిపోతుంది. తిరిగి ఇవ్వడానికి ఎవరికని ఇస్తారు? దొరికిన మనిషి రుణపడకుండా ఇంటికి వెళ్తారు. నాకు ఈ హాబీలో అన్నిటికంటే విలువైన గుణం ఇదే. గుప్తదానంలో ఇచ్చేవాళ్ళు మాత్రమే దాక్కుంటారు, ఇందులో ఇద్దరూ ఒకరికొకరు తెలియరు.

కానీ మనం ఏం చేస్తాం? వెనక హ్యాష్‌ట్యాగ్ రాస్తాం, క్యూఆర్ కోడ్ అంటిస్తాం, "దొరికితే ఫోటో పెట్టండి ప్లీజ్" అంటాం. ముందు గుమ్మంలోంచి పంపేసిన బాకీని పెరటి గుమ్మంలోంచి మళ్ళీ లోపలికి పిలిచినట్టే. నేను దీన్ని తప్పు అనను, నాకూ తెలుసుకోవాలని ఉంటుంది, ఎవరికి ఉండదు? అందుకే అడిగే తీరు మార్చుకున్నాను. "చెప్పాలనిపిస్తే ఇక్కడ చెప్పవచ్చు, చెప్పకపోయినా పర్వాలేదు" అని రాస్తాను, ఆ పర్వాలేదన్న మాటను నిజంగా నమ్మి రాస్తాను. సొంత ఫోన్ నంబర్ మాత్రం ఎప్పుడూ రాయొద్దు, ఈ పని కోసం విడిగా ఒక ఈమెయిల్ పెట్టుకుంటే చాలు.

నా దగ్గర ఒక నోటుబుక్ ఉంది. వదిలిన ప్రతిదాని గురించి అందులో ఒక లైను: తేదీ, చోటు, ఏ బొమ్మ, రెండ్రోజుల తర్వాత వెళ్ళి చూస్తే ఉందా లేదా. ఇప్పటికి 140 దాటాయి, కబురు వచ్చినవి పదకొండు. మొదట్లో ఈ లెక్క చూస్తే దిగులేసేది. ఇప్పుడు ఆ నోటుబుక్ నాకు వేరే పనికొస్తుంది. ఏ ఎత్తులో పెట్టినవి త్వరగా కదులుతున్నాయి, ఏ చోట పెట్టినవి వారమైనా అలాగే ఉన్నాయి, చీటీ ముందువైపు ఉంటే తేడా ఏమిటి అన్నది తెలుస్తుంది. వారం దాటినా కదలనివి నేనే వెనక్కి తెచ్చుకుంటాను. అది ఓటమేమీ కాదు, ఇంకో చోట పెట్టి చూస్తాను. ఒక చేప బొమ్మ మూడు చోట్ల ఎవరికీ అక్కర్లేకపోయింది, నాలుగో చోట పది నిమిషాల్లో మాయమైంది.

కబురు రాకపోవడం వేరు, ఎవరూ చూడకపోవడం వేరు. స్లింకాచూ అనే బ్రిటిష్ కళాకారుడు 2006 నుంచి, బొమ్మ రైళ్ళ సెట్లలో వాడే వేలి గోరంత మనుషుల్ని మార్చి, రంగులేసి, వీధుల్లో చిన్న చిన్న సన్నివేశాలుగా అమర్చి, ఫోటో తీసుకుని అక్కడే వదిలేస్తాడు. చాలామంది వాటిని చూడకుండానే దాటిపోతారు. అందుకే వదిలే ముందు ఒక ఫోటో తీసుకోండి. మీ వరకు బొమ్మ మిగిలేది అందులోనే.

మీకే దొరికితే

దొరికినవాళ్ళ వైపు నుంచి కూడా రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఇబ్బంది వాళ్ళకూ ఉంటుంది. 2011 మార్చిలో ఎడిన్‌బరోలోని స్కాటిష్ పొయట్రీ లైబ్రరీలో ఒక బల్ల మీద, పుస్తకం మీద మొలిచిన కాగితపు చెట్టు ఒకటి కనిపించింది. పేరు లేదు, ఒక చీటీ మాత్రం ఉంది. ఆ ఏడాదిలో నగరంలోని వేర్వేరు సంస్థల్లో అలాంటివి మొత్తం పది బయటపడ్డాయి, అన్నీ పుస్తకాల కాగితంతో చెక్కినవే, అన్నీ ఒకే కళాకారిణి చేసినవి. ఆమె పేరు బయటపెట్టలేదు. దొరికినవాళ్ళు వాటిని జాగ్రత్తగా దాచి, జనానికి చూపించారు. పుచ్చుకునేవాళ్ళు మనసు పెడితే ఒక చిన్న వస్తువు ఎంత దూరం వెళ్తుందో ఆ పది బొమ్మలూ చెప్తాయి, కాకపోతే అవి ఫలానా సంస్థకని చిరునామాతో పెట్టినవి, మనం వదిలేవాటికి ఆ చిరునామా ఉండదు.

కాబట్టి మీకు ఎప్పుడైనా దారిలో చిన్న బొమ్మ దొరికి, తీసుకోమని రాసి ఉంటే, మొహమాటపడకండి. అది ఇంకెవరికో అనుకుని వదిలేసేవాళ్ళే ఎక్కువ. నచ్చకపోతే అక్కడే వానకు తడవని వైపు పెట్టండి. కొన్నాళ్ళు ఉంచుకుని ఇంకో చోట వదిలినా సరే, ఎవరికైనా ఇచ్చేసినా సరే, వేసినవాళ్ళు ఏమీ అనుకోరు. ఆన్‌లైన్‌లో పోస్ట్ చేస్తే వెనకవైపు కూడా ఒక ఫోటో తీయండి. ముందువైపు బొమ్మలు ఒకదానిలాగా ఒకటి ఉండొచ్చు, నేనైతే వెనక మూలలో వేసిన చిన్న అంకె చూసే నోటుబుక్‌లో ఆ లైను వెతుక్కుంటాను.